ఇనీషియల్‌లో ఇరుక్కుపోయిన ఊరు

బెంగళూరులో సర్ ఎం.వి. అంటే తెలియనివాళ్ళుండరు. బయ్యప్పనహళ్ళి రైలు టెర్మినల్‌కు ఆయన పేరే, కస్తూర్బా రోడ్డులో మ్యూజియానికీ ఆయన పేరే. ఆ 'ఎం' అంటే ఏమిటో మన పిల్లల్ని అడిగి చూడండి. మైసూరు అనేవాళ్ళే ఎక్కువ. అది మోక్షగుండం. ఆంధ్రలో గిద్దలూరు వైపున్న ఊరు. విశ్వేశ్వరయ్యగారు పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో, 1912 నుంచి 1918 దాకా దివానుగా చేసింది మైసూరు సంస్థానంలో. వాళ్ళ పెద్దలు ఎప్పుడో వదిలి వచ్చిన ఊరు మాత్రం పేరుకు ముందు అలాగే నిలిచింది.

మన ఇంటిపేర్లలో చాలావాటికి వలసే మూలమని నా అభిప్రాయం. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ ఊరిపేరుతో మనల్ని ఎవరూ పిలవరు. కందుకూరులో అందరూ కందుకూరువాళ్ళే కదా! ఊరు దాటి ఇంకోచోట కాపురం పెట్టినప్పుడే 'వాళ్ళు కందుకూరి వారండీ' అనే మాట పుడుతుంది. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రి మనిషి, ఇంటిపేరు కందుకూరి. రాధాకృష్ణన్‌గారు పుట్టింది తిరుత్తణి వైపు, సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో. కందుకూరు కందుకూరి అయింది, టంగుటూరు టంగుటూరి అయింది. 'ఫలానా ఊరి' అన్న అర్థమంతా ఆ చివరి గుడిలోనే ఉంది. అన్నీ ఊళ్ళే అనను. వృత్తిని బట్టి వచ్చినవి, ఒక ముత్తాత పేరు మీద వచ్చినవి, ఎవరో ఎగతాళికి పెడితే అతుక్కుపోయినవి కూడా ఉన్నాయి. కానీ బయటి రాష్ట్రాల్లో స్థిరపడిన మనలాంటివాళ్ళకి ఊరిని మోసుకొచ్చిన ఇంటిపేరే ఎక్కువ అక్కరకొస్తుంది.

బెంగళూరు పద్ధతి వేరు. ఇక్కడ చాలామందికి ఊరు, తండ్రి పేరు రెండూ ఇనీషియల్స్ అవుతాయి. బడి రిజిస్టర్లలో అవి పేరు చివర్న తగిలిస్తారు, 'రమేశ్ కె.వి.' అన్నట్టు. అందరికీ తెలిసిన ఒక కుటుంబాన్నే చూడండి. హెచ్.డి. దేవేగౌడగారి 'హెచ్' హరదనహళ్ళి, 'డి' ఆయన తండ్రి దొడ్డేగౌడ. హెచ్.డి. కుమారస్వామిగారికీ అవే రెండు అక్షరాలు, కాకపోతే ఆ 'డి' దేవేగౌడ. మూడో తరంలో నిఖిల్ కుమారస్వామి. ఊరు కనపడదు, తండ్రి పేరు చివరికొచ్చి ఇంటిపేరు లాగా కూర్చుంది. ఇది తప్పని నేననను, వాళ్ళ సంప్రదాయం వాళ్ళది. మన ఇళ్ళలో కూడా ఇదే జరుగుతోంది, ఎవరూ నిర్ణయించకుండానే జరుగుతోంది. నా బాధ అది.

ఇలా తండ్రి పేరే ఇంటిపేరుగా గడ్డకట్టుకుపోతే ఏమవుతుందో తెలియాలంటే వేల్స్ దేశం చూడాలి. అక్కడ 'ఆప్' అంటే కొడుకు. రీస్ కొడుకు ఆప్ రీస్, హవెల్ కొడుకు ఆప్ హవెల్. తరం మారితే పేరూ మారేది. 1536 తర్వాత ఇంగ్లీషు చట్టాలు, కోర్టులు వచ్చాక రికార్డుల్లో స్థిరమైన ఇంటిపేరు కావాల్సి వచ్చింది. ముందు కలవారు మార్చుకున్నారు, పల్లెల్లో పాత పద్ధతి ఇంకా రెండు వందల ఏళ్ళ పైనే సాగింది. ఆప్ రీస్ ప్రైస్ అయ్యాడు, ఆప్ హవెల్ పావెల్ అయ్యాడు. జాన్ కొడుకులు జోన్స్‌లు, ఇవాన్ కొడుకులు ఇవాన్స్‌లు.

ఒక ఇంట్లో ఇది ఎలా జరిగిందో చెప్తాను. వృత్తం లెక్కల్లో మనం వాడే 'పై' గుర్తును 1706లో మొదట ఆ అర్థంలో అచ్చు వేయించిన విలియం జోన్స్ వేల్స్‌లో ఆంగ్లెసీ దీవివాడు. తండ్రి పేరు షోన్, అంటే జాన్. అందుకని జోన్స్. ఆయన కొడుకు కూడా విలియమే. కలకత్తా సుప్రీంకోర్టు జడ్జీగా వచ్చి, 1786లో సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకీ చుట్టరికం ఉందని చెప్పిన సర్ విలియం జోన్స్ ఈయనే. పాత లెక్క ప్రకారం విలియం కొడుకు కాబట్టి విలియమ్స్ కావాలి. కాలేదు, జోన్స్‌గానే ఉండిపోయాడు. తాత పేరు మనవడికి ఇంటిపేరైపోయింది.

అక్కడ జనం పెట్టుకునే పేర్లే కొన్ని కాబట్టి ఇంటిపేర్లూ కొన్నే మిగిలాయి. ఒకే ఊళ్ళో అంతమంది జోన్స్‌లుంటే ఎలా? పాలు పోసే జోన్స్, టపా ఇచ్చే జోన్స్ అని మళ్ళీ వృత్తి చెప్పి పిలుచుకోవాల్సి వచ్చింది. బొగ్గు గనుల పని మీద పెన్సిల్వేనియాకు పోయారు, 1865లో మిమోసా ఓడెక్కి పటగోనియాకు పోయారు. అక్కడి జోన్స్‌ని చూసి ఏ లోయవాడో చెప్పడం కష్టం. పేరులో ఊరు లేదు మరి.

మన సంగతికొస్తే, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఒకటుంది. ఇనీషియల్ అందులో పనికిరాదు. ఖాళీగా వదిలేస్తే ఇంకో తంటా. అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్ కింద పడి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అని వస్తుంది. 2022 నవంబరులో యు.ఎ.ఇ. ఒంటిపేరు పాస్‌పోర్టుతో వచ్చే సందర్శకులను రానివ్వమని ప్రకటించింది, తర్వాత కొంత సడలించింది. ఈ కంగారులో మనవాళ్ళు చేతికందింది రాసేస్తారు, నాన్న పేరో, కులం పేరో. ఇంటిపేరు 'కె' అనో 'పి' అనో ఎప్పుడో ముడుచుకుపోయి ఉంటుంది కాబట్టి అది గుర్తుకే రాదు. వెంకటేశ్‌గారబ్బాయి అలా వెంకటేశ్ అయితే, రేపు ఆ అబ్బాయి పిల్లలూ వెంకటేశ్‌లే.

ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుంది కదా అని మా మేనల్లుడొకడు వాదించాడు. వాడి భయం ఊరికే వచ్చింది కాదు. కానీ ఊరిని బట్టి వచ్చిన ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనబడుతుంది, ఆ ఊరు అందరిదీ కదా. పేరు చివర్న కులం తోక తగిలించుకోవడం కన్నా ఇదే నయమని వాడికి చెప్పాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఇంటిపేరుకీ ఒక లోపముంది, దాచక్కర్లేదు. అది మగవాళ్ళ వైపే నడుస్తుంది. పెళ్ళయిన ఆడపిల్లకి ఇంటిపేరు మారిపోతే ఆమె పుట్టింటి ఊరు రెండు తరాల్లో తుడిచిపెట్టుకుపోతుంది. మా నానమ్మ పుట్టింటి ఇంటిపేరు చెప్పగలిగినవాళ్ళు మన కుటుంబంలో ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. అందుకే వంశవృక్షంలో కోడళ్ళ పేర్లకు పుట్టింటి ఇంటిపేరు కూడా చేర్చాలని నా పట్టు.

బడిలో చేర్చేటప్పుడు రాసిన పేరే పదో తరగతి మార్కుల కార్డులోకీ, అక్కణ్ణుంచి అన్నిట్లోకీ పోతుంది. ఈ ఏడు మన వాళ్ళ పిల్లలు ఇద్దరు ఎల్‌కేజీలో చేరుతున్నారు. ఫారం మీద ఇంటిపేరు మొత్తం అక్షరాల్లో రాయండి, స్పెల్లింగు అన్నదమ్ములందరూ ఒకటే పెట్టుకోండి. అత్తయ్యలూ, పిన్నమ్మలూ, మీ పుట్టింటి ఇంటిపేరు, తెలిస్తే ఆ ఊరు ఏ మండలమో నాకు రాసి పంపండి. ఉగాదిలోపు వంశవృక్షంలో ఎక్కిస్తాను.