తండ్రి పేరు ఉన్న కాగితం



మా వద్ద చదువుకుని, నేడు హైదరాబాదులోని బాలాపూర్ ప్రాంతంలో మక్తబ్ నడుపుతున్న శిష్యుడొకరు కొన్ని నెలల క్రితం ఫోన్ చేసి ఒక మస్అలా అడిగారు. "హజ్రత్, మా మక్తబ్‌కు వచ్చే ఒక పిల్లవాడి తండ్రి బర్మా నుంచి వచ్చిన రోహింగ్యా. అతని భార్యకు నెలలు నిండాయి. పొరుగింటి ఆమె తన ఆధార్ కార్డు ఇస్తానంటోంది. ఆ పేరుతో ఆసుపత్రిలో చేరితే బిడ్డ పుట్టుక కూడా ఆ దంపతుల పేరుతోనే నమోదవుతుంది. రేపు బిడ్డకు అన్ని కాగితాలూ వస్తాయి. ఇది చేయవచ్చునా?"

మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఒక రోజు గడువు అడిగాము. అడిగినవారిలో దురాశ లేదు, ఇస్తానన్నవారిలో స్వార్థం లేదు. అటువంటి చోట కాదనడం తేలిక కాదు.

ముందుగా ఆ తండ్రి స్థితిని గ్రహించాలి. బర్మా ప్రభుత్వం 1982లో తెచ్చిన పౌరసత్వ చట్టం రోహింగ్యాలను తమ దేశ జాతులలో లెక్కించలేదు. 2012లో రఖైన్ రాష్ట్రంలో చెలరేగిన హింస, 2017 నాటి సైనిక దాడులు లక్షలాది మందిని సరిహద్దులు దాటించాయి. వారిలో వేలమంది హైదరాబాదు చేరి, బాలాపూర్ పరిసరాలలోని గుడిసెలలో ఉంటున్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వారి వివరాలు విచారించి కార్డు ఇస్తుంది. అయితే 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. అందువలన ఆ కార్డు ఆ మనిషి ఎవరో చెబుతుందే గాని, ఇక్కడ నివసించే హక్కును ఇవ్వదు. దానిని చూపి ఆధార్ పొందలేరు. ఆధార్ లేనిదే సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, అన్నీ కష్టమే.

కోనసీమవారికి ఈ బాధ కొత్త కాదు. అమలాపురం, రాజోలు ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లిన ఆడపడుచులను అడగండి. పాస్‌పోర్టు కఫీల్ చేతిలో ఉండిపోయి, ఆకామా గడువు తీరిపోతే, బజారుకు వెళ్లడానికి కూడా గుండె దడదడలాడేదని వారే చెబుతారు. కువైట్ ప్రభుత్వం 2018లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, మన రాయబార కార్యాలయం ఇచ్చిన ఔట్‌పాస్ పట్టుకుని ఎందరో ఇల్లు చేరారు. ఇక్కడే ఒక తేడా ఉంది. మన ఆడపడుచుకు తలుపు తట్టడానికి ఒక రాయబార కార్యాలయం ఉంది. తన దేశమే తనను కాదన్న మనిషికి ఆ తలుపు కూడా లేదు.

ఇంత తెలిసీ, మేము ఆ శిష్యునికి వద్దనే చెప్పాము. అందుకు మూడు కారణాలు.

మొదటిది వంశం. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ ఇంట పెరిగిన హజ్రత్ జైద్ (రజి)ను కన్నకొడుకులా చూసుకున్నారు. ప్రజలు ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచేవారు. సూరా అహ్‌జాబ్‌లోని ఆజ్ఞ అవతరించిన తరువాత ఆయన మళ్లీ తన కన్నతండ్రి పేరుతో జైద్ బిన్ హారిసా అయ్యారు. ప్రేమలో లోటు రాలేదు, పేరు మాత్రం తండ్రికి తిరిగి చేరింది. పరాయి వారి పేరుతో నమోదైన బిడ్డకు రేపు వారసత్వం ఎవరి నుంచి? వివాహ సంబంధం చూసేటప్పుడు ఎవరిని మహ్రమ్‌గా లెక్కించాలి? ఒక్క అబద్ధపు వరుస రెండు కుటుంబాలను తరతరాలు వెంటాడుతుంది.

రెండవది తల్లి ప్రాణం. ఆసుపత్రి చీటీ మీద వయసు, రక్తం గ్రూపు, పాత కాన్పుల వివరాలు మరొకరివి ఉంటే, ఆపద వేళ వైద్యులు ఎవరికి వైద్యం చేస్తున్నట్లు? కాన్పులో జరగరానిది జరిగితే, చనిపోయినట్లు నమోదయ్యేది బతికి ఉన్న పొరుగింటామె పేరు.

మూడవది చట్టం. జనన నమోదులో తప్పుడు వివరాలు ఇవ్వడం శిక్షార్హమైన నేరం. తప్పుడు పత్రాలతో ఆధార్, ఓటరు కార్డు పొందారని హైదరాబాదులో కొందరు శరణార్థులపై కేసులు నమోదయ్యాయి. అటువంటి కేసు ఒకటి వచ్చిన ప్రతిసారీ, నిజాయితీగా కార్డు పట్టుకుని నిలిచినవారి మీద కూడా అనుమానం పడుతుంది. మేలు చేయబోయిన పొరుగువారు సైతం ముద్దాయిలవుతారు.

అయితే వద్దని చెప్పి ఊరుకుంటే అది సగం జవాబే అవుతుంది. చేయదగినది ఏమిటో కూడా చెప్పాలి కదా!

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. ఈ నేలపై పుట్టిన ప్రతి బిడ్డ పుట్టుకనూ నమోదు చేయాలని అది చెబుతుంది. ఆసుపత్రిలో పుడితే 21 రోజులలోగా సమాచారం ఇచ్చే బాధ్యత ఆసుపత్రి వారిదే. 2023 సవరణ తల్లిదండ్రుల ఆధార్ సంఖ్యను అడుగుతుంది గాని, ఉంటేనే ఇవ్వమంటుంది. ఆ ధ్రువపత్రం పౌరసత్వం ఇవ్వదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి పుట్టినదో మాత్రం నిలబెట్టి చెబుతుంది. దేశం లేని బిడ్డకు అది చిన్న సంగతి కాదు. ఇక బడి విషయానికి వస్తే, వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల విషయంలో సుప్రీంకోర్టు, ముందుగా బడికి వెళ్లి ప్రవేశం కోరవలసిందని, నిరాకరిస్తే హైకోర్టును ఆశ్రయించవచ్చునని సూచించింది.

మరి మన వంతు ఏమిటి? దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం నమాజు గురించినది కాదు, ఉపవాసం గురించినదీ కాదు. సూరా బఖరలోని ఆ వాక్యం అప్పు పత్రం రాయించుకోవడం గురించినది. రాయడం వచ్చినవాడు రాయడానికి నిరాకరించరాదని, సాక్షి పిలుపును తోసిపుచ్చరాదని అందులో ఆదేశం ఉంది. రాయడం వచ్చినవారమైన మనం ఒకరి దరఖాస్తు నింపిపెట్టడం, కార్యాలయంలో వారి పక్కన నిలబడడం, భాష రాని వారి మాటను అధికారికి వినిపించడం ఆ ఆదేశానికి దూరమైనవి కావు. మన ఆధార్ కార్డు ఇవ్వనక్కరలేదు. మన సగం రోజు ఇస్తే చాలు.

శిష్యుడు మా మాట విన్నారు. ఆమె తన సొంత పేరుతో, ఐక్యరాజ్యసమితి కార్డుతో ఆసుపత్రిలో చేరింది. కార్డు ఇవ్వబోయిన పొరుగింటామే రాత్రంతా తోడున్నది. ధ్రువపత్రం కోసం ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది. రెండుసార్లు, ఆధార్ లేదు గనుక కుదరదని తిప్పి పంపారు. మూడవసారి మా శిష్యుడు ఆ సవరణ ప్రతిని వెంట తీసుకెళ్లి, గొంతు పెంచకుండా చూపించారు. నాలుగవసారి కాగితం చేతికి వచ్చింది.

ఆ తండ్రికి తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. తన పేరు ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపమని అడిగాడట. చూపితే, ఆ చోటునే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడట.

తలదాచుకోవడానికి వచ్చినవారికి నీడనిచ్చే మనసును, ఆ నీడలో అబద్ధాన్ని చేరనివ్వని ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.