పేరు రాయలేదు, సింహాన్ని చెక్కాడు

పాతబస్తీలో లాల్ దర్వాజా బోనాలకు వెళ్లారా? అక్కడి అమ్మవారు సింహవాహిని మహంకాళి. పేరులోనే సింహం ఉంది కదా! పాత గుళ్లలో శిల్పాలను గుర్తుపట్టే కిటుకూ ఇదే.

శిల్పి సాధారణంగా విగ్రహం కింద పేరు రాయడు. వాహనమో, ఆయుధమో చెక్కుతాడు. శంఖచక్రాలుంటే విష్ణువు. త్రిశూలం, డమరుకం ఉంటే శివుడు. కాళ్ల కింద దున్నపోతు ఉంటే మహిషాసురమర్దిని. చదువు రానివాళ్లూ ఇట్టే పోల్చుకునేవాళ్లు.

మరి చేతులు విరిగిపోయి ఉంటే? పీఠం చూడండి. గరుడుడో, నందో, ఎలుకో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టడం చూశాక, రాతి శిల్పాల దగ్గర పది నిమిషాలు ఆగండి. బోర్డు చదవకుండా ఎవరో చెప్పేయండి చూద్దాం! 1213 నాటి రామప్ప గుడికి వెళ్తే లెవెల్ పెంచండి. దూలాల మీద క్షీరసాగర మథనం వెతకండి. కవ్వంలా కొండ, తాడులా పాము ఉంటే అదే.

ఒక్క మాట. గుడి రాళ్ల మీద కొందరు తమ పేర్లు గీకుతుంటారు. ఆ గీతల్లో చెరిగిపోయేది చిన్న ఎలుకే కావచ్చు. కానీ తలా చేతులూ పోయిన ఆ వినాయకుడికి మిగిలిన పేరు అదొక్కటే.