కుక్క నోట్లో గడ్డ

గిన్నెలో పెట్టిన అన్నం సగం కింద పడుతోంది. చొంగలో నెత్తుటి చార. దగ్గరికొస్తే కంపు. చాలా ఇళ్లలో దీన్ని 'పళ్లు పాడయ్యాయి' అని సరిపెట్టేస్తారు. పెదవి ఎత్తి చూస్తే చిగురు మీద నల్లటి గడ్డ కనిపించవచ్చు. కుక్కల నోట్లో వచ్చే ప్రాణాంతక కణితుల్లో ఎక్కువగా కనిపించేది మెలనోమాయే. నలుపు లేదని ధీమా పడటానికీ లేదు, రంగులేని మెలనోమాలూ ఉన్నాయి.

వీలైతే ముందు ఆపరేషనే. దవడలో కొంత ఎముక తీసేసినా చాలా కుక్కలు మళ్లీ తినడం నేర్చుకుంటాయి. చూడలేక బాధపడేది యజమానులే. కోతకు వీలుకాని చోట, అంచుల్లో కణాలు మిగిలిన చోట రేడియేషన్ అక్కరకొస్తుంది. అమెరికాలోని పశువైద్య కేంద్రాలు ఇందుకు మనుషులకు వాడే లీనియర్ యాక్సిలరేటర్లనే వాడుతున్నాయి. కదలకుండా పడుకోమంటే కుక్క వినదు కాబట్టి ప్రతిసారీ మత్తు ఇవ్వాల్సిందే.

మెలనోమాకు సాధారణంగా పెద్ద మోతాదులు, తక్కువ సార్లు. గడ్డ చాలాసార్లు తగ్గుతుంది, ఊపిరితిత్తులకు పాకడం మాత్రం ఆగదు. ఆ లోటు పూడ్చడానికి వచ్చిన ఆన్‌సెప్ట్ టీకాకు 2010లో అమెరికాలో పూర్తి అనుమతి దక్కింది. అది ఎంత పనిచేస్తుందన్న దానిపై అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. నోట్లోనే వచ్చే మరో రకం గడ్డ అకాంథోమాటస్ అమెలోబ్లాస్టోమా సంగతి వేరు. ఎముకను తొలిచేసినా ఒళ్లంతా పాకదు, కిరణాలకు బాగా లొంగుతుంది.

చికిత్స రోజుల్లో నోరు పూస్తుంది, మెత్తటి తిండే పెట్టాలి. కిరణాలు తగిలిన చోట ఊడిన వెంట్రుకలు కొన్నిసార్లు తెల్లగా మొలుస్తాయి.