మనవరాలు కాదన్నా, కూతురే!



యాభై దగ్గర పడ్డాక తండ్రి అయినోడంటే మన ఊళ్లల్లో కొందరికి నవ్వు, కొందరికి జాలి. నాకు 53, మా పాపకి 4. బండి ముందు కూర్చోబెట్టుకుని దమ్మపేట సెంటర్‌కి పోతే "మనవరాలా?" అని అడుగుతారు. "కాదన్నా, నా మనవలకి అమ్మ" అంటా. వాళ్లు లెక్క తేల్చుకునేలోపు మేం టీ తాగి వచ్చేస్తాం.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఏటా నవమికి భద్రాచలం పోయి రాముడి పెళ్లి చూసి వస్తాం. ఆ రాముడి తండ్రి ముసలితనంలో యాగం చేసి పిల్లల్ని కన్నోడే. విశ్వామిత్రుడు వచ్చి రాముణ్ణి పంపమంటే, పిల్లాడికి పదహారు కూడా నిండలేదు, నాకు అరవై వేల ఏళ్లు అన్నాడట దశరథుడు. ఆయన్ని ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. మనకి యాభై అయితేనే ఊరంతా నవ్వు!

ఇంకో మాట. యాభై ఏళ్లోడు పామాయిల్ మొక్క పెడితే ముందుచూపు అంటారు. నాలుగో ఏడు దాకా గెల సరిగ్గా చేతికి రాదు, తోట పాతికేళ్ల పైనే కాస్తది. 75 దాటినా ఉంటాననే నమ్మకంతోనే గదా పెట్టేది? మొక్కకి ఉన్న నమ్మకం పిల్లకి ఉండకూడదా?

కానీ తేడా ఒకటుంది. మనం లేకపోతే తోటని కౌలుకి ఇస్తారు. పిల్లని కౌలుకి ఇవ్వలేరు గదా.

2019 సెప్టెంబర్ 5న గుంటూరులో 70 దాటిన మంగాయమ్మ గారు ఐవీఎఫ్ పద్ధతిలో కవల ఆడపిల్లల్ని కన్నారు. తూర్పు గోదావరి జిల్లా వాళ్లు, భర్త వయసు 80కి అటూ ఇటూ. పిల్లల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన వాళ్ల సంతోషాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ పిల్లల్ని ఎవరు పెంచుతారు అని అప్పట్లో అందరూ అడిగారు. 2021లో వచ్చిన చట్టం అలాంటి చికిత్సకి ఆడవాళ్లకి 50, మగవాళ్లకి 55 ఏళ్ల హద్దు పెట్టింది. ఇంట్లో మామూలుగా పుట్టే బిడ్డకి ఆ హద్దు లేదు. కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి.

నా లెక్క చెప్తా. రైతు బీమా 59 ఏళ్ల దాకే. అప్పటికి మా పాపకి పదేళ్లు. అంటే పిల్లకి తండ్రి అవసరం బాగా ఉన్నప్పుడే ఆ 5 లక్షల ధీమా పోతది. అందుకే ఆడపిల్ల పుడితే పదేళ్లు నిండకముందే పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవండి. ఏడాదికి 250 నుంచి కట్టుకోవచ్చు. 15 ఏళ్లు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకి మొత్తం చేతికొస్తది. రైతు బీమాలో, బ్యాంకులో ఎప్పుడో రాయించిన నామినీ పేరు ఇప్పటికీ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పాసు పుస్తకం, అప్పు పత్రాలు ఎక్కడున్నాయో ఇంటావిడకి తెలియాలి. బీపీ, షుగరు చూపించుకోండి. చుట్ట, మందు మానండి. ఇకమీదట మన ఒళ్లు మన ఒక్కరిది కాదు.

ఇంకోటి. మనల్ని చూసి నవ్వితే సరసం అనుకుందాం. ఇంటావిడని అంటే మాత్రం ఊరుకోకండి. ఆ వయసులో మోసింది, కన్నది ఆవిడ. మనం మీసం మెలేశాం, అంతే.

లేటు తండ్రికి గర్వం ఉండాల్సిందే. కాకపోతే పుట్టించినందుకు కాదు, చేతికొచ్చేదాకా పెంచడానికి సిద్ధపడినందుకు. మీ ఊళ్లో అట్లాంటోడు కనపడితే "ఈ వయసులో అవసరమా?" అనకండి. "నామినీ పేరు రాయించావా?" అని అడగండి. పనికొచ్చే మాట అదే.