శారీ గార్డ్ ఎక్కడ?

జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ బండ్లున్నవాళ్లకి పండగ రోజు. బెంగళూరులో ఆ రోజు పాత బండ్లన్నీ ఒకచోట చేరతాయి. మొన్న జూలైలో నాన్నతో పాటు నేనూ వెళ్లాను. తాతగారి యెజ్డీ మీదే వెళ్లాం.

తెలియనివాళ్ల కోసం కొంచెం చరిత్ర. జావా కంపెనీని 1929లో అప్పటి చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన పెట్టాడు. తన పేరులోని మొదటి అక్షరాల్ని, వాండరర్ అనే జర్మన్ బండి పేరులోని మొదటి అక్షరాల్ని కలిపితే జావా అయింది. 1961లో మన పక్కనే మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాత ఆ బండ్లే యెజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. గేరు వేసే రాడ్డుతోనే కిక్ కొట్టి స్టార్ట్ చేయడం ఈ బండి ప్రత్యేకత. అక్కడ ఒక అన్న అది చూపిస్తుంటే అందరూ ఫోన్లు తీశారు.

నాకు మాత్రం ఒకటి లోటుగా అనిపించింది. తళతళా మెరుస్తున్న బండ్లలో చాలావాటికి శారీ గార్డ్ లేదు. ఒకాయన్ని అడిగితే, "అది ఉంటే లుక్ పోతుందమ్మా" అన్నారు.

మా బండికి ఉంది. దాని మీద ఒకచోట రంగు పోయింది. అవ్వ కాలు ఆనించిన చోటది. హిందూపురం నుంచి గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపుర మీదుగా బెంగళూరుకి, పైట చెంగు నడుముకి దోపుకుని, ఒడిలో నాన్నని పెట్టుకుని, ఒకపక్కకి కూర్చుని ఎన్నిసార్లు వచ్చిందో ఆమెకే లెక్క లేదు. ఇంజిన్ ఎన్ని సీసీలో అవ్వకి తెలీదు. ఏ మలుపులో సీటు గట్టిగా పట్టుకోవాలో తెలుసు.

సొంత బండిని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు అలంకరించుకుంటారు, కాదనను. కానీ ఆ రోజు చాలామంది, "మైసూరులో ఈ బండ్లకి ఒక మంచి మ్యూజియం ఉండాలి" అన్నారు. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ కంపెనీ 2008లో, తన 105 ఏళ్ల పండగ చేసుకున్న ఏడాదే, సొంత ఊరు మిల్వాకీలో మ్యూజియం తెరిచింది. మనకీ ఉండాలి, నేనూ ఒప్పుకుంటాను. అయితే అందులో ఏ బండి పెడతారు? శారీ గార్డ్ విప్పేసిన బండినా? అప్పుడు అది మన ఊళ్లల్లో తిరిగిన బండి ఎలా అవుతుంది? వెనక చక్రంలో చీర చిక్కుకోకుండా మన దేశం ఆ బండికి చేర్చుకున్న భాగం కదా అది!

"ఆడవాళ్లు వెనకే కూర్చోవాలన్న కాలం గుర్తది, పోతే పోనీ" అని మా ఫ్రెండ్ అంది. నేను ముందు సీట్లోనే కూర్చుంటాను, లైసెన్స్ కూడా తీసుకున్నాను. కానీ అవ్వ వెనక కూర్చున్నది నిజం. నచ్చనంత మాత్రాన ఆ నిజాన్ని విప్పి పాతసామాన్ల అంగడికి వేస్తే, రేపు మ్యూజియం చూసే పిల్లలు ఆ బండ్లెక్కింది మగవాళ్లు మాత్రమే అనుకుంటారు.

అందుకే మ్యూజియంలో బండి పక్కన ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ల పేర్లూ, బాగుచేసిన మెకానిక్కుల పనిముట్లూ, వెనక సీట్లో ప్రయాణం చేసిన ఆడవాళ్ల మాటలూ ఉండాలి. అది ఎవరో కట్టేదాకా ఆగక్కర్లేదు. మీ ఇంట్లో అవ్వనో అమ్మమ్మనో ఈ వారమే అడగండి. ఏ బండి ఎక్కారు, ఎక్కడికి వెళ్లారు, ఎక్కడ పడ్డారు? ఒక పేజీ రాసి తెస్తే వచ్చే నెల ఇదే గోడ మీద పెడదాం.