మాత్రతోపాటు కంటినిండా నిద్ర

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదని మనకొక సామెత. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కాని జబ్బు సంగతి దాచి పెళ్లి చేసి, ఒక ఇంటి కష్టాన్ని రెండిళ్లకు పంచిన పెద్దలు పల్లెల్లో నేటికీ ఉన్నారు. భూతవైద్యుల చుట్టూ తిరిగి, అప్పులపాలయ్యాక ఆస్పత్రికి వచ్చేవారు మరికొందరు.

వచ్చాక మాత్రం జరిగేదేమిటి? నెల రోజులు మాత్రలు మింగి, మనిషి కాస్త తేరుకోగానే ఆపేస్తారు. కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది. మాత్రలు ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు మానాలో చెప్పవలసింది డాక్టరు. పక్కింటివారు కాదు.

అయితే మాత్రలు తెచ్చి ఇచ్చినంతలో ఇంటివారి పని తీరిపోదు. కొంతకాలం ఉద్రేకం, కొంతకాలం దిగులు వచ్చే జబ్బు ఒకటుంది. అందులో వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర చెడితే ఉద్రేకం మళ్లీ తలెత్తవచ్చు. అలాంటి మనిషిని అడవి పందుల కాపలాకు రాత్రిళ్లు చేనికి పంపడం తగదు. ఆ వంతు అన్నదమ్ములెవరైనా తీసుకోవాలి. ఈ జబ్బుకు లిథియం వాడేవారు ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోయినా, ఉన్నట్టుండి ఉప్పు మానేసినా రక్తంలో ఆ మందు మోతాదు పెరుగుతుంది. చేతులు బాగా వణికినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, నడక తూలినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. వేసవిలో కూలికి పోయే కుటుంబాలకు ఈ మాట మందుచీటీ రాసేటప్పుడే చెప్పాలి. ఎంత రద్దీ ఉన్నా డాక్టర్లు దీన్ని మరచిపోరాదు.

నిద్ర పడుతుందని రోగికి కల్లో, సారాయో పట్టించేవారూ ఉన్నారు. ఆ నిద్ర నడిరాత్రికే చెదిరిపోతుంది. మాత్రతో కలిస్తే మత్తు ముదిరి ప్రాణం మీదికీ రావచ్చు. అలాగని ఏళ్ల తరబడి తాగినవారిచేత ఒక్కరోజులో మాన్పించడమూ ప్రమాదమే. అది డాక్టరు కనిపెట్టి ఉండగా జరగాలి.

దిగులుతో మూల కూర్చున్నవారికి పొద్దున్నే చెరువుగట్టు దాకా నడక, గొడ్డుకు మేత వేయడంవంటి చిన్న పని మేలు చేస్తాయి. బద్ధకమని దెప్పితే ఆ కాస్తా చేయరు.

ప్రతి జిల్లాలోనూ మానసిక వైద్యం అందుబాటులో ఉంచాలని 2017 నాటి చట్టం ప్రభుత్వాన్ని ఆదేశిస్తున్నది. 14416 నంబరుకు రాత్రీపగలూ ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు. మంచిదే. కాని ఫోనులో మాత్రలు రావు కదా! వాటికోసం జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే బస్సు చార్జీతోపాటు రోగికి, తోడు వెళ్లినవారికి ఆనాటి కూలి పోతుంది. రెండుసార్లు స్టాకు లేదని తిప్పి పంపితే మూడోసారి వారు రారు. డాక్టరు రాసిన మందులు నెలకు సరిపడా ఊరికి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చే ఏర్పాటును జిల్లా వైద్యాధికారులు వెంటనే చూడాలి.