అగ్నిగుండాల కైఫియతు

నా బల్ల మీద ఒక రాయి ఉంది. ఈపూరు వైపు నుంచి వచ్చిన మిత్రుడు ఇచ్చి వెళ్లాడు. నిమ్మకాయంత కూడా లేదు గానీ, పట్టుకుంటే అరచెయ్యి కిందికి లాగుతుంది. పగిలిన చోట చదరాలు చదరాలుగా మెరుస్తోంది. కాగితం మీద గీస్తే పెన్సిలు గీతలా నల్లగా పడింది. సీసపు ఖనిజం.

పల్నాడంటే మనకు కారెంపూడి, నాగులేరు, నాయకురాలు, బ్రహ్మన్న. 12వ శతాబ్దపు ఆ వీరగాథ హోరులో చిన్న ఊళ్ల మాట మన చెవిన పడలేదు. ఈపూరు మండలంలోని అగ్నిగుండాల అలాంటి ఊరే. భూగర్భ శాస్త్రవేత్తలకు మాత్రం ఆ పేరు కొట్టినపిండి. బండ్లమోటులో సీసం, నల్లకొండ, ధూకొండల్లో రాగి. అంతటినీ కలిపి వాళ్లు ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు. ఎప్పటివాళ్లో తవ్వి వదిలిన పాత గుంటలు ఆ కొండల్లో ఉన్నాయి. మన కాలంలో హిందూస్థాన్ జింక్ సంస్థ బండ్లమోటులో సీసపు గని నడిపింది. తర్వాత అదీ మూతపడింది.

రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫియతులు రాయించారు. చెరువెవరు తవ్వించారు, గుడికి మాన్యమెంత, కరణీకం ఏ ఇంటిది అన్నీ అందులోకి ఎక్కాయి. గుంటూరు సీమ చరిత్ర రాసేవారికి ఇప్పటికీ అవే దిక్కు. కానీ నేలలోకి దిగి రాయి కొట్టినవాడిని అడిగి రాసుకున్న కైఫియతు మన దగ్గర లేదు. అది నన్ను బాధిస్తోంది.

వేల్స్‌లో గ్రేట్ ఓర్మ్ అనే కొండ ఉంది. 1987లో అక్కడ కార్లు నిలిపే స్థలం కోసం నేల చదును చేసే ప్రయత్నంలో కంచుయుగపు రాగి గని బయటపడింది. ఎముకలతో, గుండ్రాళ్లతో తవ్విన సొరంగాలవి. 1991 నుంచి జనం వెళ్లి చూస్తున్నారు. ఆ గని తవ్వినవాళ్లు ఏమనుకున్నారో చెప్పడానికి ఇప్పుడెవరూ లేరు. మన గనిలో దిగినవాళ్లు మాత్రం ఇంకా అరుగుల మీద కూర్చుని ఉన్నారు.

కాబట్టి వినుకొండ, నరసరావుపేట కళాశాలల తెలుగు, చరిత్ర విద్యార్థులకు ఈ సంచిక నుంచి మా పుటలు ఇస్తున్నాం. వెళ్లండి, అడగండి. గనిలో మొదటిరోజు దిగినప్పుడు ఎలా ఉండింది? పనిముట్లను ఏమని పిలిచేవారు? ఊరి పేరు కొలిమి నుంచి వచ్చిందంటారా, గుండం తొక్కే మొక్కు నుంచి వచ్చిందంటారా? వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయండి. యాస దిద్దకండి.